ఊఁ కొట్టింది నేను కాదు

చిక్కబళ్ళాపురం బీబీ రోడ్డు మీద నన్ను దాటని బండి లేదు. టమాటా పికప్‌లు, స్కూలు ఆటోలు దాటితే సరే అనుకోవచ్చు. ఒకసారి వెనక గ్యాసు సిలిండరు కట్టుకుని సైకిలు తొక్కుతున్న పెద్దాయన కూడా దాటాడు. దాటాక జాలిగా వెనక్కి తిరిగి చూశాడు. నాది కరెంటు స్కూటరు. చేతి పిడిని ఎంత మెలిపెట్టినా గంటకు ఇరవై ఐదు కిలోమీటర్ల మీద పోదు. అంత నిదానం బండికి నంబరు ప్లేటు అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు. ఆ రెండో సుగుణం చూసే దాన్ని అద్దెకు తీసుకున్నాను. నా లైసెన్సును సర్కారు ఆర్నెల్ల పాటు పట్టి ఉంచుకుంది.

అంతకు ముందు నేను డ్రైవర్ని. బాగేపల్లి పక్కన మా ఊరి నుంచి చింతామణి మండీకి టమాటా తోలేవాణ్ణి. పికప్ మండీ ఓనరుది, సీటు నాది. ఆ సీట్లో కూర్చుంటే రోడ్డంతా కిందుగా కనిపించేది, నేనేదో మనిషినైనట్టు ఉండేది. ఒకరోజు సరుకు దింపేశాక చింతామణిలో స్నేహితులతో కూర్చున్నాను. ఎంత తాగానో చెప్పను, యంత్రం చెప్పేసింది. బాగేపల్లి దగ్గర పోలీసులు ఆపి ఊదమన్నారు, ఊదాను, అది నిజం పలికింది. ఎవరికీ ఏమీ కాలేదు, బండికి గీత కూడా పడలేదు. ఈ మాట ఇంట్లో చాలాసార్లు చెప్పి చూశాను. చెప్పిన ప్రతిసారీ దాని విలువ కొంత తగ్గింది.

కోర్టులో నా వంతు బస్సులో టికెట్టు కొట్టించుకున్నంత సేపు కూడా పట్టలేదు. తప్పు ఒప్పుకుంటావా అన్నారు, ఒప్పుకున్నాను. జుల్మానా కట్టి, లైసెన్సు ఆర్నెల్లకు అప్పజెప్పి బయటికి వచ్చేసరికి చట్టం లెక్కలో తాగుబోతునయ్యాను. అదీ మధ్యాహ్నం భోజనానికి ముందే.

మండీ ఓనరు మంచివాడు. "ఆర్నెల్లు నీ సీటు ఎవురికీ ఇయ్యనప్పా. లైసెన్సుతో రా. వాసన లేకుండా రా" అన్నాడు.

అమ్మే మాట్లాడటం మానేసింది. అరిచి ఉంటే బాగుండేది. అరుపులకు నా దగ్గర జవాబులున్నాయి, చిన్నప్పటి నుంచి తయారు చేసుకున్నవి. ఆమె మాత్రం మా సీమ ఆవుతో మాట్లాడేది. గడ్డి వేస్తూ, నేను పక్కనే నిలబడి ఉంటే, "ఏమే, అన్నం పెట్టి ఉండాది, ఆయప్పను తినమని చెప్పు" అనేది. ఆవు ఒక్కసారీ చెప్పలేదు. నేనే వెళ్ళి తినేవాణ్ణి. నా మీద అమ్మకున్న అభిప్రాయం పూర్తిగా తెలిసింది ఆ ఆవుకే.

ఆవు ముందు తలెత్తుకోలేక చిక్కబళ్ళాపురంలో ఉన్న మా అక్క ఇంటికి వచ్చేశాను. అక్క గుమ్మంలోనే తీర్పు చెప్పింది. "ఊరికే కూర్చుంటే నీ చేతులు గ్లాసు ఎతుక్కుంటాయి. ఏదో ఒక పని చెయ్యి." అలా తిండి మోసే యాప్‌లో చేరాను. నా స్కూటరును ఏ వరసలో వేయాలో ఆ యాప్‌కు అర్థం కాక సైకిలు అని రాసుకుంది. సైకిలు వాళ్ళకు దగ్గర ఆర్డర్లే ఇస్తారు. దాంతో నా ప్రపంచం శిడ్లఘట్ట సర్కిల్ దగ్గర మొదలై పూల మార్కెట్టు దాటగానే అయిపోయేది. చింతామణి రోడ్డు బోర్డు రోజూ కనిపించేది. దాని కింద నిలబడి ఇడ్లీలు అప్పజెప్పేవాణ్ణి.

అది చాలదన్నట్టు మాల వచ్చింది.

మా బావ ఏటా అయ్యప్ప మాల వేస్తాడు. భక్తి ఉందనే అంటాడు. నేను చూసినంత వరకు అది లివరుకు సర్వీసింగు. మాల తీసిన సాయంత్రం ఎక్కడుంటాడో అందరికీ తెలుసు. ఆ సంవత్సరం అక్క నన్ను కూడా జత చేసింది.

"మాల ఏసుకుంటే తాగడానికి ఉండదు. ఇంకోటి, ఇరుముడి కట్టే రోజు మీయమ్మ రావాల" అన్నాడు బావ. ఇరుముడి అంటే కొండకు పోయేటప్పుడు నెత్తిన పెట్టుకునే మూట. కట్టేటప్పుడు ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరూ దాంట్లో దోసిలితో బియ్యం పోస్తారు. "ముందు తల్లి పొయ్యాల. పోసి, 'పోయిరా నాయనా' అని నోటితో అనాల. అనకుంటే గురుస్వామి మూట కట్టడు."

ఆ చివరి నియమం బావ అక్కడికక్కడే కల్పించాడని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నమ్మాను. అమ్మ నోటి నుంచి ఒక్క మాట, అదీ ఆవుకు కాకుండా నాకు. దానికోసం నలభై ఒక్క రోజుల మండలం పాటు చన్నీళ్ళ స్నానం, నేల పడక, చెప్పుల్లేని కాళ్ళు ఓర్చుకోవచ్చు అనిపించింది. మాల మధ్యలో తెగకూడదు, అంతే.

గడ్డం పెరిగింది. యాప్ రోజూ పొద్దున ఫోటో అడుగుతుంది, మనం మనమేనా అని చూసుకోవడానికి. కొన్నాళ్ళకు "ముఖం సరిపోలలేదు" అనడం మొదలుపెట్టింది. దాని బాధ నాకర్థమైంది. నాక్కూడా అద్దంలో అలాగే ఉంది. నల్ల బట్టల మీద కంపెనీ టీషర్టు తొడిగి, విభూతి తుడిచి, దవడ ఎత్తి ఫోటో దిగి, మళ్ళీ విభూతి పెట్టుకునేవాణ్ణి.

అసలు చిక్కు మొదటి రోజే వచ్చింది. ఫోన్ మోగింది. చికెన్ బిర్యానీ, రెండు.

మా గురుస్వామి వీధి చివర పంక్చర్లు వేసే పెద్దాయన. ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు చూస్తూ నా సందేహం విన్నాడు.

"మూత పెట్టి ప్యాక్ చేసింటాది గురుస్వామీ. నేను ముట్టేది సంచినే."

"సంచి దేన్ని ముట్టింది స్వామీ?"

"డబ్బాని."

"డబ్బా?"

"కోడిని."

"మరి?"

"సంచికి తాడు కట్టి బండి ఎనక లాక్కొని పోతే?"

పక్కనే నిలబడ్డ బావ నా కాలు తొక్కాడు. ఇద్దరికీ చెప్పులు లేవు కాబట్టి పెద్దగా తగల్లేదు. "ముట్టినావంటే మాల తీసేయాల్సిందే" అన్నాడు గురుస్వామి, బుడగ దొరికిన చోట వేలు పెట్టి.

ఆర్డరు వద్దంటే యాప్ ముందు అలుగుతుంది. తర్వాత ఆర్డర్లు ఆపేస్తుంది. ఆపైన ఐడీ మూసేస్తుంది. కారణం చెప్పుకుందామంటే అటువైపు మనిషి ఉండడు, టైపు చేసుకోవాలి. "నేను మాల వేశాను" అని టైపు చేశాను. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. ఆర్డరుతో పాటు మాల అందలేదా?" అని జవాబు వచ్చింది.

పని మానితే అక్క ఊరుకోదు. బిర్యానీ ముడితే మాల ఉండదు. మాల లేకపోతే అమ్మ రాదు. బండెక్కి ఎటైనా పారిపోదామంటే బ్యాటరీ నంది కొండ దాకా పోయి ఆగిపోతుంది.

మేమంతా ఆర్డర్ల కోసం ఒక మూతపడిన బేకరీ రేకుల కింద నిలబడతాం. అక్కడ ఇంకో డెలివరీ అబ్బాయి ఉండేవాడు. నా వయసే, చింతామణి నుంచి వచ్చిన ముస్లిం. వాడిది పెట్రోలు బైకు. నేను ఫోన్ పట్టుకుని బిక్కచచ్చి నిలబడితే వచ్చి స్క్రీను చూశాడు.

"ఒక బిర్యానీకి ఇంత ఏడుస్తావా స్వామీ? ఇట్లియ్యి. నాకు మసాలా దోసె పడుండాది, నువ్వు తీసుకో."

చెప్పినంత సులభం కాదు. ఆర్డరు ఏ ఫోన్‌లో పడితే ఆ ఫోనే హోటలుకు పోవాలి, కస్టమరు గుమ్మం దాకా పోవాలి. ఫోను ఒకచోట, సంచి ఒకచోట ఉంటే యాప్ పట్టేస్తుంది. అందుకని ఏకంగా ఫోన్లే మార్చుకున్నాం. మాంసం నా ఫోన్‌తో వాడు, దోసె వాడి ఫోన్‌తో నేను. అదే పద్ధతిగా స్థిరపడింది.

మొదటి ఇంట్లో తలుపు తీసినాయన తన ఫోన్‌లో మావాడి పేరు చూశాడు, తర్వాత నా నుదుటి మీద విభూతి, మెడలో మాల, కింద వట్టి కాళ్ళు చూశాడు. మళ్ళీ ఫోన్ చూశాడు.

"ఎవురప్పా నువ్వు?"

"మసాలా దోసె స్వామీ" అన్నాను. అంతకంటే నిజం ఆ సమయంలో దొరకలేదు.

యాప్ లెక్కలో నా సైకిలు వాడి చేతిలో ఊరంతా దూసుకుపోయేది. వేడి తగ్గకుండా తెచ్చారని జనం నాకు నక్షత్రాలు ఇచ్చారు. వాడి బైకు నా చేతిలో నడుము విరిగిన ఎద్దులా పాకేది. "నీ మాల దెబ్బకు నా రేటింగు దిగిపోతాండాది స్వామీ. కొండకు పోయినప్పుడు నా పేరు మీద కూడా ఒక దండం పెట్టు" అనేవాడు. పెడతానన్నాను. తర్వాత పెట్టాను కూడా.

ఇరుముడికి ఇంకా కొద్ది రోజులే ఉన్న ఒక మధ్యాహ్నం, ఆసుపత్రిలో ఎవరికో పెరుగన్నం ఇచ్చి బేకరీ దగ్గరికి వచ్చాను. వాడు హెల్మెట్ తీయకుండా బైకు మీదే కూర్చుని ఉన్నాడు.

"స్వామీ, తప్పైపోయె."

"బిర్యానీ ఒలికిందా?"

"మీయమ్మ ఫోన్ చేసింది."

నా ఫోన్ వాడి చేతిలో ఉంది. అమ్మ తన ఫోన్‌తో చేసి ఉంటే స్క్రీను మీద అమ్మ అని పడేది, వాడు ఎత్తేవాడు కాదు. ఆమె పాల డెయిరీ సెక్రెటరీ ఫోన్ అడిగి తీసుకుంది. తెలియని నంబరంటే మా వృత్తిలో కస్టమరే. వాడు ఎత్తి, "ఆఁ, వస్తాండా మా, గేటు కాడుండండి" అన్నాడట.

"అంతే, ఆయమ్మ ఏడ్సె" అన్నాడు.

"పెట్టెయ్యాల్సింది!"

"ఏడ్చే అమ్మకు రాంగ్ నంబరని ఎట్ల చెప్పేది? నీకైతే నోరొస్తాదా?"

"మరి నువ్వేమంటివి?"

"ఊఁ అంటి."

"ఇంకా?"

"సరే మా అంటి."

"దేనికి?"

వాడు హెల్మెట్ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "హెల్మెట్ లోపల ఫోన్ దూర్చుకొని ఉండా. పక్కన బోర్లు ఏసే బండి రొద. నేనేమో ఇంటి నంబరు ఎతకతాండా. అన్నిటికీ సరే అంటి స్వామీ. ఇరుముడికి వస్తాదంట. అదొకటి బాగా ఇనిపించె."

"ఎంతసేపు మాట్లాడింది?"

"బిర్యానీ చల్లారేంత."

నెలల తరబడి ఆవుతో మాట్లాడిన మా అమ్మ చివరికి మనిషితో మాట్లాడింది. ఆ మనిషి నేను కాదు. నేనప్పుడు పెరుగన్నం పక్కన ఊరగాయ పొట్లం లేదని తిట్లు తింటున్నాను.

ఆ నంబరుకు తిరిగి చేస్తే సెక్రెటరీ ఎత్తాడు. "మీయమ్మ అప్పుడే పోయెనప్పా. ఏం చెప్తివో ఏమో, తేలిగ్గా నవ్వుకుంటా పోయె" అన్నాడు. ఏం చెప్పానో నాకూ తెలిస్తే బాగుండుననిపించింది.

ఆ సాయంత్రం బావతో అన్నాను, అమ్మకు నిజం చెప్పేస్తానని.

"ఏమని చెప్తావు? ఫోన్ యాడుండె అని అడుగుతాది. ఎందుకు మార్చుకుంటివి అని అడుగుతాది. బిర్యానీ కోసమంటే, మాలలో బిర్యానీ పనేమని అడుగుతాది."

"ముట్టలేదు కదా!"

"అది వదిలెయ్యి. తెలీని పిల్లోని చెవిలో అంతసేపు ఏడ్చినానని తెలిస్తే మీయమ్మ ఇంక ఆవుతో కూడా మాట్లాడదు."

బావ మాల తీసే రోజు కోసం ఎదురు చూస్తున్న మనిషి. అయినా ఆ ఒక్క మాట సరిగ్గానే చెప్పాడు. నోరు మూసుకున్నాను.

ఇరుముడి రోజు పొద్దున్నే బాగేపల్లి బస్సు దిగి అమ్మ వచ్చింది. గుళ్ళో భజన జరుగుతోంది. టెంకాయల్లో నెయ్యి పోసి మూతలు పెడుతున్నారు. నన్ను కింద కూర్చోబెట్టి మూట నోరు తెరిచి పట్టుకోమన్నారు. గురుస్వామి "తల్లి రావాల" అని పిలిచాడు. అమ్మ నా ఎదురుగా కూర్చుని దోసిలి నిండా బియ్యం తీసుకుంది. ఒకసారి పోసింది. రెండోసారి పోసింది. నేను ఆమె నోటి వంకే చూస్తున్నాను. మూడోసారి పోసి, చెయ్యి మూటలోనే ఉంచి, నన్ను చూసింది.

"పోయిరా నాయనా" అంది. "మాటిచ్చినావు. నిలబెట్టుకో."

మొదటి ముక్క కోసమే నేను అన్నాళ్ళు చెప్పుల్లేకుండా తిరిగింది. అది వచ్చేసింది. దాని వెనకే రెండోది కూడా వస్తుందని ఎవరూ చెప్పలేదు.

"ఏ మాటమ్మా?" అన్నాను, నెమ్మదిగా.

"అదే. లైసెన్సు ఇచ్చినా సరే, లైసెన్సు అడిగే బండి మళ్ళా ముట్టనని. ఆ నిదానం బండే చాలునని నేను అంటే, 'సరే మా' అంటివే. గబుక్కున అంటివి, రెండోసారి అడిగించుకోకుండా. దాంతో నా కడుపు చల్లబడె."

గబుక్కున అన్నది నిజమే అయ్యుంటుంది. అవతల బిర్యానీ చల్లారుతోంది కదా.

గురుస్వామి మూటకు తాడు చుడుతూ, "మాలలో ఇచ్చిన మాట. శానా పెద్దది స్వామీ" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు శరణం చెప్పారు. నేను బావ వైపు చూశాను. బావ నెయ్యి టెంకాయను జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నాడు. 'అది నేను కాదమ్మా' అన్న మాట గొంతు దాకా వచ్చింది. చింతామణి రోడ్డు, మండీ, ఎత్తుగా ఉండే ఆ సీటు, అన్నీ ఆ మాట వెనకే వరసగా నిలబడి ఉన్నాయి. అమ్మ చెయ్యి ఇంకా నా మూటలో ఉంది. వేళ్ళ సందుల్లో బియ్యపు గింజలు అంటుకుని ఉన్నాయి.

"ఊఁ" అన్నాను.

అచ్చం మావాడిలాగే అని ఉంటాను. ఆమెకు తేడా తెలియలేదు.

కొండకు టెంపోలో పోయాం. డ్రైవరుకు కునుకు పట్టినట్టుంటే గురుస్వామి వెనక్కి తిరిగి, "నువ్వు డ్రైవరువే కదా స్వామీ, కొంచెం సేపు..." అని మొదలుపెట్టి, గుర్తొచ్చి ముందుకు తిరిగిపోయాడు. నేను వెనక సీట్లో కూర్చుని, లేని బ్రేకు తొక్కుతూ కేరళ దాకా వెళ్ళాను.

చెప్పిన గడువుకు లైసెన్సు తిరిగొచ్చింది. అక్క దాన్ని రాగుల డ్రమ్ములో దాచింది. మండీ ఓనరు మాట తప్పని మనిషి, తనే ఫోన్ చేశాడు.

"ఏమప్పా, లైసెన్సు వచ్చెనంట కదా. వాసన లేకుండా ఉండావా?"

"వాసన లేదప్పా. వచ్చేకి మాత్రం కాదు. బండి ముట్టనని మాటిచ్చినా."

"ఎవురికి?"

"అమ్మకు."

"ఎప్పుడు?"

"నేను లేనప్పుడు."

"పొద్దున్నే మొదలుపెట్టినావా?" అని ఫోన్ పెట్టేశాడు. ఆ సీట్లో ఇప్పుడు ఇంకొకడున్నాడు. టమాటా దింపి వచ్చేటప్పుడు మా ఊరి దగ్గర హారన్ కొడతాడని విన్నాను.

అమ్మ ఇప్పుడు మామూలుగా మాట్లాడుతుంది. తిడుతుంది కూడా. నేను ఊరికి పోతే ఆవు నన్ను పట్టించుకోదు, దాని పని తగ్గింది. చిక్కేమిటంటే నేను ఒప్పుకున్నవన్నీ ఏమిటో నాకింకా పూర్తిగా తెలియదు. మావాడికి ఒక్కొక్కటిగా గుర్తొస్తుంటాయి. ఒకరోజు టీ తాగుతూ, "స్వామీ, ఇంకోటి మర్చిపోతి. ఆదివారం ఆదివారం పోయి ఆవుల కొట్టం కడుగుతానని కూడా సరే అంటి" అన్నాడు. మాల తీసి ఎన్నాళ్ళయినా వాడు స్వామీ అనడం మానలేదు. ఇంకోసారి, ఉగాదికి మా ఊళ్ళో ఎవరో పిల్లను చూడటానికి వస్తానన్నానని తేలింది. ఉగాది అప్పటికే దాటిపోయింది. అమ్మ ఆ పండగప్పుడే గట్టిగా తిట్టింది, ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు.

మొన్న ఒక హోటల్ ముందు పార్సెళ్ళ కోసం ఇద్దరం నిలబడి ఉన్నాం. బోరు బండి ఒకటి రోడ్డు మీద రొద చేస్తూ పోయింది. వాడు దాని వంక చూస్తూ అన్నాడు.

"ఆ పొద్దు మీయమ్మ ఇంకో మాట చెప్పె స్వామీ. ఇది మర్చిపోలేదు. నీకు చెప్పేదా వద్దా అని ఉంటి."

"చెప్పు. ఇంకేం ఒప్పుకున్నాను, పెళ్ళా?"

"నిన్ను పట్టుకొన్నప్పుడు పోలీసాయన మీ ఇంటికి ఫోన్ చేసె కదా. 'మీ కొడుకు' అని, మాట నిలిపినాడంట. పక్కన ఎవురో పిలిచింటారు. మళ్ళా వచ్చి, తాగి పట్టుబడినాడని చెప్పినాడంట. ఆ నిలిపిన కాడే, 'నిన్ను పూడ్చిపెట్టి వచ్చేస్తి నాయనా' అనె మీయమ్మ. 'పూడ్చినోనితో ఏం మాట్లాడల్లో తెలీక గమ్మునుంటి' అనె."

హోటల్ లోపల ఎవరో టోకెన్ నంబరు అరుస్తున్నారు.

"దానికి నువ్వేమంటివి?" అన్నాను.

"దానికి ఊఁ అనలేదు స్వామీ. బైకు పక్కకు నిలిపి దిగేస్తి."

ఇలాంటి చోట నేనేదో ఒకటి అంటాను, అది నా అలవాటు. నోరు తెరిచాను కూడా. నా ఫోన్ మోగింది. చికెన్ బిర్యానీ. వాడు అలవాటుగా చెయ్యి చాచాడు. నా మెడలో మాల లేదన్నది ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

సంచి నేనే తీసుకుని బయల్దేరాను. బీబీ రోడ్డు మీద ఎప్పటిలాగే అందరూ నన్ను దాటుకుంటూ పోయారు. చింతామణి బోర్డు దగ్గర ఒక టమాటా పికప్ పక్కకు జరగమని హారన్ కొట్టింది, జరిగాను. గేటు దగ్గర కస్టమరు డబ్బా పట్టి చూసి, చల్లారిపోయింది, ఇంత లేటేంటప్పా అన్నాడు.

"బండి ఇంతకంటే పోదు స్వామీ" అన్నాను.